రెండో డబ్బా

జయకర్ చెవులు అందరి చెవుల్లాంటివి కావు. ఆ మాట ఏ డాక్టరూ చెప్పలేదు, ఆయనే చెప్పుకుంటాడు. నరసరావుపేటలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే మనిషి. పాఠం మొదలుపెట్టే ముందు రెండుసార్లు గొంతు సవరించుకుంటాడు, ఇంట్లో ఉప్పు తక్కువైందని చెప్పాలన్నా అంతే. స్పీకర్‌కు తగిలించిన వైరు మారిస్తే పాడేవాళ్ళ గొంతే మారిపోతుందంటాడు. స్పీకర్ కింద నాపరాయి పెడితే ఒక రకంగా, టేకు చెక్క పెడితే ఇంకో రకంగా వినపడుతుందంటాడు. పదకొండేళ్ళ కాపురంలో ఆయన భార్య రేచల్‌కు అర్థమైంది మాత్రం ఒక్కటే. ఆ చెవులకు ఇంట్లో మనిషి మాట తప్ప లోకంలో ఉన్న చప్పుళ్ళన్నీ వినపడతాయి.

మే నెల, ఆదివారం. చర్చికి వెళ్ళొచ్చారు, అన్నాలు తిన్నారు. బయట వడగాలి వీధిని ఊడ్చేస్తోంది. కాలనీలో తలుపులన్నీ మూతపడి ఉన్నాయి, అలికిడి లేదు. పక్కింటి ఆదిలక్ష్మమ్మ కూడా లేదు. పొద్దున్నే గోడ మీదుగా తాళంచెవి అందించి వెళ్ళింది.

"రేచలమ్మా, మేం మాచర్ల పోతన్నాం. మా ఆడబిడ్డ కూతురికి పెళ్ళిచూపులంట. రాత్రికి గానీ రాం. సాయంత్రం కాస్త మొక్కలకి నీళ్ళు పెట్టు తల్లీ" అని చెప్పింది.

రేచల్‌ను పేరు పెట్టి పిలిచే మనిషి ఆ వీధి మొత్తానికి ఆవిడొక్కతే. రోజూ మధ్యాహ్నం రెండు దాటాక గోడ దగ్గరికొచ్చి "రేచలమ్మా" అని పిలుస్తుంది. చల్లనీళ్ళ సీసా కావాలనో, కూర ఇస్తాననో ఏదో ఒక వంక. జయకర్‌కు భార్య పేరుతో పని లేదు, "ఇదిగో" అంటే సరిపోతుంది. ఆయన తల్లి జ్ఞానమ్మ అయితే పెళ్ళయ్యాక బతికున్న తొమ్మిదేళ్ళూ కోడల్ని "ఏమే" అని తప్ప పిలవలేదు. చచ్చి రెండేళ్ళయింది. అత్త చచ్చిన ఆర్నెల్లకు కోడలి కంట నీరొచ్చిందని సామెత. రేచల్ కంట రెండేళ్ళయినా రాలేదు.

"ఇదిగో, ఇట్టా రా" అన్నాడు జయకర్ లోపలి గదిలోంచి.

రేచల్ గుమ్మం దగ్గర ఆగింది. అది ఒకప్పుడు జ్ఞానమ్మ గది. నడుం విరిగి మంచానపడ్డ నాలుగేళ్ళూ ముసలావిడ అక్కడే ఉంది, అక్కడే పోయింది. నెల తిరక్కుండానే జయకర్ ఆ మంచాన్ని వెనక వరండాలో పడేసి, గోడలకు నల్లటి స్పాంజి పలకలు అంటించి, కిటికీకి మందపాటి తెర కట్టి, దాన్ని పాటల గది చేశాడు. గదిలో కరెంటు పోయినా పాట ఆగకూడదని విడిగా ఇన్వర్టర్ పెట్టించాడు. వంటింట్లో ఫ్యానుకు లేని ఇన్వర్టర్ పాటల పెట్టెకు ఉంది. పిచ్చి ముదిరితే రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు, అలాంటిదే ఇది కూడా.

గది ఊడవడానికి తప్ప రేచల్ ఆ గుమ్మం దాటదు. ఊడ్చేది కూడా పొద్దున్నే, రేడియో పెట్టుకుని, గబగబా.

"నాకెందుకు, మీరు వినండి" అంది.

"రెండో మనిషి చెవి కావాల. రేపు పొద్దున ఒక డబ్బా తిప్పి పంపాల. కూర్చో."

ఈ డబ్బాల గోల వారం నుంచీ నడుస్తోంది. స్ట్రీమర్ అంటారు దాన్ని. ఇంటర్నెట్‌లో ఉన్న పాటనో, హార్డ్ డిస్కులో దాచుకున్న పాటనో తెచ్చి యాంప్లిఫయర్‌కు అందిస్తుంది. అందించడమే దాని పని. పాడదు, దాచుకోదు. పోస్టుమాన్ ఉద్యోగమే. ఉన్న స్ట్రీమర్ పాతబడిందనీ, అమ్మ పాటలో ప్రాణం రావట్లేదనీ జయకర్ బాధ. విజయవాడలో షాపతను బతిమాలించుకుని రెండు కొత్త డబ్బాలు పంపాడు. రెండు రోజులు వినండి, నచ్చింది ఉంచుకుని రెండోది పంపేయండి అన్నాడు. ఒకటి వెండి రంగుది. రెండోది నల్లది. రెండూ బల్ల మీద పక్కపక్కనే కూర్చుని ఉన్నాయి, వాటి పక్కన పాత డబ్బా చిన్నబోయి ఉంది.

"అమ్మ పాట మీదే తేల్చాల" అన్నాడు జయకర్. "ఈ గదిలో, నా ఎదురుగా కూర్చుని పాడినట్టుండాల. ఏ డబ్బాలో అట్టా పాడితే అదే మనది."

రేచల్ తలుపుకు దగ్గరగా ఉన్న కుర్చీలో అంచున కూర్చుంది. కాళ్ళ కింద నాపరాళ్ళు ఎండాకాలంలో కూడా చల్లగా ఉన్నాయి.

ఆ పాట జయకర్ సొంతూరు కారంపూడిలో రికార్డు చేసింది. వాళ్ళ ఊరి బడిపంతులెవరో ఎప్పుడో కట్టిన భక్తి పాట, ఏ పాటల పుస్తకంలోనూ లేదు. మూడు చరణాలు. "ఎండిన బావికి ఊటవు నీవే" అని మొదలవుతుంది. జయకర్ పెళ్ళికి ఏడాది ముందు, కొత్తగా కొన్న రికార్డర్ పట్టుకెళ్ళి, వాళ్ళ మట్టింట్లో తల్లిని కూర్చోబెట్టి పాడించాడు. జ్ఞానమ్మకు ఉబ్బసం. రెండు చరణాలు పాడాక ఆగి, కాసేపు ఊపిరి పీల్చుకుని, మూడోది అందుకుంటుంది. ఎన్ని వందలసార్లు విన్నారో ఆ ఇంట్లో. రేచల్‌కు ఆ ఊపిరి చప్పుడు కూడా కంఠతా వచ్చు.

ముందు పాత డబ్బా. జయకర్ ఫోన్‌లో వేలితో నొక్కాడు. పాట వచ్చింది, రెండు చరణాలయ్యాయి, ఊపిరి, మూడో చరణం, అయిపోయింది. ఎప్పటిలాగే ఉంది.

"చూశావా, గుడ్డ కప్పినట్టు" అన్నాడు జయకర్. ఫోన్‌తో సౌండ్ కొలిచి కాగితం మీద రాసుకున్నాడు. అన్ని డబ్బాలకూ ఒకే సౌండ్ ఉండాలట, లేకపోతే పోలిక తప్పట.

తర్వాత వెండి డబ్బా.

మొదటి మాటకే రేచల్ వీపు నిటారుగా అయింది. తేడా ఆమెకే తెలిసిందంటే ఇక జయకర్ సంగతి చెప్పేదేముంది. ఆయన కళ్ళు మూసుకుని తల ఊపుతున్నాడు. రెండు స్పీకర్ల మధ్య ఖాళీ ఉంది చూడండి, సరిగ్గా ఒకప్పుడు మంచం ఉన్న చోటు... ముసలావిడ అక్కడ కూర్చుని పాడుతోంది. పెదాలు తడుపుకోవడం వినపడుతోంది. పళ్ళు లేని చిగుళ్ళ మధ్య గాలి వినపడుతోంది. రెండో చరణం అయింది. ఊపిరి.

ఆ ఊపిరి చివర, సన్నగా...

"ఏమే..."

మూడో చరణం మొదలైపోయింది.

జయకర్ కళ్ళు తెరిచాడు. ముఖం చాటంత అయింది. "ఇన్నావా? పన్నెండేళ్ళ నుంచి ఇంటన్నా, ఇది ఎప్పుడూ ఇనపళ్ళా. లోపలెక్కడో అణిగిపోయి ఉందన్నమాట. డీటెయిల్ అంటే అదీ."

"ఎవర్ని పిలిచింది?" అంది రేచల్.

"ఎవరో. పెద్దత్త వచ్చి ఉంటది అప్పుడు."

 ఇంట్లో పెద్దవాళ్ళెవరినీ జ్ఞానమ్మ "ఏమే" అనగా రేచల్ వినలేదు. ఆ పిలుపులో మొదటి అక్షరం పట్టి లాగి, చివర తాళం వేసినట్టు ఠక్కున ఆపడం, అది ఒక్కరికోసమే. అయినా ఆ పాట రికార్డు చేసేనాటికి రేచల్ ఎవరో జ్ఞానమ్మకు తెలియదు.

ఇక్కడ ఆ పిలుపుల సంగతి చెప్పాలి.

పెళ్ళయిన కొత్తలో, కారంపూడిలో, ఒక మిట్టమధ్యాహ్నం పెరట్లో గిన్నెలు తోముతుంటే ఎవరో "ఏమే" అన్నట్టయింది. రేచల్ "ఆఁ" అంటూ పరుగెత్తింది. జ్ఞానమ్మ కోడలి చెంప ఛెళ్ళుమనిపించింది. "నేను పిలవలేదే. ఎవరికి పలికావు? మిట్టమధ్యానం పిలుపొస్తే మూడోది ఇనేదాకా పలక్కూడదు. బతికున్నోళ్ళయితే మూడోసారీ పిలుస్తారు. చచ్చినోళ్ళకి రెండు పిలుపులే, అంతకన్నా ఇవ్వరు వాళ్ళకి" అంది. పాస్టరుగారికి తెలిసి మందలిస్తే, "ప్రభువు ప్రభువే, పిలుపు పిలుపే అయ్యగారూ" అని ఆయన నోరే మూయించింది. ఆ ఇంట్లో అది చట్టం. మధ్యాహ్నం పూట మూడోసారి పిలిచేదాకా ఎవ్వరూ పలకరు.

రేచల్ ఆ చట్టాన్ని బాగా నేర్చుకుంది. ఎంత బాగా నేర్చుకుందంటే, అత్త మంచానపడ్డాక దాన్ని అత్త మీదే అమలు చేసింది. ఒకటో పిలుపుకు కదలదు. రెండో పిలుపుకు కదలదు. మూడోది పిలిచాకే చీర దులుపుకుని లేస్తుంది. ఉబ్బసం మనిషికి మూడుసార్లు అరవడం ఎంత కష్టమో ఆమెకు తెలుసు. తెలిసే చేసింది. ఎవరన్నా అడిగితే మా అత్తయ్య పెట్టిన నియమమేగా అనొచ్చు.

రెండేళ్ళ కిందట, ఇలాంటి ఎండాకాలమే, ఇదే వేళ. జయకర్ కాలేజీలో పరీక్ష పేపర్లు దిద్దుతున్నాడు. రేచల్ ముందు గదిలో బండల మీద పడుకుని ఉంది, నిద్రపోవట్లేదు. "ఏమే..." అని వినపడింది. కదల్లేదు. కాసేపటికి, "ఏమే... నీళ్ళు..." కదల్లేదు. స్టీలు గ్లాసు కిందపడి బండల మీద దొర్లిన చప్పుడు. మూడోది పిలువు, అప్పుడొస్తా అనుకుంది రేచల్. ఫ్యాను కేసి చూస్తూ పడుకుంది. మూడోది రాలేదు. ఎంత హాయిగా ఉందో ఆ నిశ్శబ్దం. నాలుగింటికి లేచి వెళ్ళి చూస్తే ముసలావిడ చెయ్యి మంచం మీంచి కిందికి వేలాడుతోంది.

నిద్రలోనే పోయింది, పిలవనైనా పిలవలేదు అని చెప్పింది అందరికీ. జయకర్ నమ్మాడు.

"ఇప్పుడు నల్లది" అన్నాడు జయకర్, యాంప్లిఫయర్ మీద మీట తిప్పుతూ.

"తలనొప్పిగా ఉంది. నేను పోతా."

"కూర్చోమన్నానా. నాలుగు నిమిషాల పాట వినడానికి ఏం రోగం? మా అమ్మ ఉన్నప్పుడూ ఇంతే, ఆమె గొంతంటే పడదు నీకు."

రేచల్ కూర్చుంది. ఆ ఇంట్లో ఎదురు చెప్పడం మానేసి చానా ఏళ్ళయింది.

పాట మొదలైంది. వెండి డబ్బా ముసలావిడను మంచం మీద కూర్చోబెట్టింది. నల్ల డబ్బా ఆమెను ముందుకు వంచింది. మోకాళ్ళ దగ్గరికి... గొంతు అంత దగ్గరగా ఉంది. గదిలో ఎప్పుడో పోయిన వాసన తిరిగొచ్చింది, నొప్పులకు రాసే నూనె, దాని కింద తడి పక్కబట్టల కంపు. రేచల్ జయకర్ కేసి చూసింది. ఆయన ముక్కు ఎగరేయలేదు. కళ్ళు మూసుకుని పాటలో ఉన్నాడు.

రెండో చరణం. ఊపిరి...

"ఏమే... నీళ్ళు..."

ఆ వెంటనే, ఠంగుమని గ్లాసు. దొర్లుతూ... దొర్లుతూ... ఆగింది.

మూడో చరణం అందుకుంది జ్ఞానమ్మ.

"అబ్బ" అన్నాడు జయకర్. "నీళ్ళు అడిగింది. వెండిదాంట్లో ఆ ముక్క ఇనపళ్ళా. గ్లాసు చూడు ఎంత స్పష్టంగా పడిందో, ఎక్కడిదాకా దొర్లిందో కూడా చెప్పొచ్చు."

రేచల్ కాళ్ళ కింద బండల కేసి చూసింది.  కారంపూడి ఇంట్లో పేడతో అలికిన మట్టి నేల. మట్టి నేల మీద గ్లాసు పడితే ధబ్‌మంటుంది, మోగదు. దొర్లదు. ఫిజిక్స్ చెప్పే మనిషికి ఆ మాత్రం తట్టలేదు. ఆ గ్లాసు దొర్లింది ఈ బండల మీద. ఈ గదిలో.

రెండయ్యాయి అనుకుంది. చచ్చినవాళ్ళకు రెండే. ఇక పిలవడం కుదరదు. 

జయకర్ రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. "వెండిది మళ్ళీ ఒకసారి వింటే గానీ తేలదు. మొదటిది, రెండోది, మళ్ళీ మొదటిది... పోల్చేటప్పుడు అట్టానే వినాల."

రేచల్ ఆయన చేతిలో ఫోన్ కేసి చూసింది. చచ్చినవాళ్ళకు మూడో పిలుపు లేదు, నిజమే. బతికున్నవాడెవడో వేలు పెట్టి నొక్కి పిలిపిస్తే?

"వద్దు" అంది. లేచి నిలబడింది. "ఏవండీ, వద్దు. నల్లదే బాగుంది. అదే ఉంచండి. ఆపేయండి."

"ఒక్కసారి విని ఎట్టా చెప్తావు?"

"మీ అమ్మ పిలిచింది."

"విన్నాగా."

"అందులో కాదు. ఆ రోజు. పోయిన రోజు. రెండుసార్లు పిలిచింది, నీళ్ళడిగింది. నేను మెలకువగానే ఉన్నా. పోలేదు. కావాలనే పోలేదు. అది ఆ రోజు పిలుపండీ, పాటలోది కాదు..."

రెండేళ్ళు కడుపులో దాచుకున్న మాట అది. ఏడుపూ దాంతోనే తన్నుకొచ్చింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. ఆమె అందులో కాదు అంటుండగానే జయకర్ మీట వెండి డబ్బాకు తిప్పి ఫోన్ నొక్కేశాడు, పాట మొదలైంది, ఆయన కళ్ళు మూసుకున్నాడు. వేలు పైకెత్తి, "ష్..." అన్నాడు. "ఇప్పుడు మాట్లాడొద్దు."

అప్పుడే కరెంటు పోయింది.

ఫ్యాను మెల్లగా తిరిగి తిరిగి ఆగింది. వంటింట్లో ఫ్రిజ్ గుర్రుమని ఆగింది. ఇంటి మొత్తంలో ఇక ఒక్క చప్పుడు లేదు. ఒక్క పాట తప్ప. ఇన్వర్టర్ పుణ్యమా అని అది ఆగలేదు. పైగా ఇప్పుడు ఇంకా బాగా వినపడుతోంది.

రేచల్ తలుపు వైపు కదిలింది. జయకర్ కళ్ళు తెరవకుండానే ఆమె కొంగు పట్టుకున్నాడు. "తలుపు తీయొద్దు. బయటి చప్పుడొస్తది."

చీకటి గది. నూనె వాసన. మొదటి చరణం అయింది. రేచల్ రెండు చెవులూ అరచేతులతో మూసుకుంది. "ఏమే" అన్న మాట వస్తే పలకకూడదు. ఏం జరిగినా సరే. నాలుక పళ్ళ మధ్య పెట్టి కొరికి పట్టుకుంది. రెండో చరణం అయింది. చేతుల్లోంచి కూడా ఆ ఊపిరి వినపడుతోంది... పీల్చడం... వదలడం... పీల్చడం...

ఏమీ రాలేదు.

ఇంకో ఊపిరి. ఏమీ రాలేదు.

రేచల్ చేతులు కాస్త సడలాయి. అప్పుడు ఎక్కడో దూరంగా, గోడకు అవతల నుంచి పిలిచినట్టు, మెత్తగా, ప్రేమగా, ఒక పిలుపు.

"రేచలమ్మా..."

ఆదిలక్ష్మమ్మ! చల్లనీళ్ళ కోసం వచ్చినట్టుంది. హమ్మయ్య, బయటపడటానికి ఒక వంక దొరికింది. ప్రాణం లేచొచ్చింది.

"ఆఁ... వస్తన్నా" అంది రేచల్.

అన్నాక గుర్తొచ్చింది. ఆదిలక్ష్మమ్మ మాచర్లలో ఉంది. తాళంచెవి మేకుకు వేలాడుతోంది. అది గోడ అవతలి పిలుపు కాదు. తొమ్మిదేళ్ళలో ఏనాడూ రేచల్ పేరు పలకని గొంతు, ఇవాళ మొదటిసారి పలికింది.

గొంతులోంచి దారం లాగినట్టయింది. నొప్పి లేదు. లాగారు, వచ్చేసింది, అంతే.

మూడో చరణం మొదలైంది. ఇద్దరు పాడుతున్నారు.

ఒకటి జ్ఞానమ్మ గొంతు. రెండోది ఇంకొంచెం కింది శ్రుతిలో, పాట సరిగ్గా రానిదానిలా, మాట మాటకూ వెనకపడుతూ అందుకుంటున్న గొంతు. పాట చివర మాట మింగేసే అలవాటున్న గొంతు. చర్చిలో పక్కన కూర్చున్నవాళ్ళు "గట్టిగా పాడవే" అని మోచేత్తో పొడిచే గొంతు. రేచల్ గొంతు.

ఆపండి అని అరిచింది. నోరు తెరుచుకుంది, చప్పుడు రాలేదు. గాలి కూడా రాలేదు. మళ్ళీ అరిచింది. ఏమీ లేదు. జయకర్ భుజం పట్టుకుని ఊపింది. ఆయన విసుగ్గా కళ్ళు తెరిచి, గొంతు చూపిస్తున్న భార్య కేసి చూశాడు.

"ఎండకి గొంతు పోయినట్టుంది. కాసిని నీళ్ళు తాగు" అన్నాడు. మళ్ళీ ఆయన ముఖం వెలిగింది. "ఇంకో గొంతు ఉంది, ఇన్నావా? ఎవరో వెనక పాడుతున్నారు. పెద్దత్తే అయ్యుంటది. ఇన్నాళ్ళూ తెలీనే లేదు చూడు."

వైరు మారితే తేడా పట్టే చెవులు. పదకొండేళ్ళు పక్కన పడుకున్న మనిషి గొంతును పట్టలేదు. రేచల్‌కు భయం కన్నా ముందు అసహ్యం పుట్టింది, ఆ చెవులను పీకి బయట ఎండలో పారేయాలన్నంత అసహ్యం.

పాట అయిపోయింది. ఎప్పుడూ అక్కడితో ఆగిపోతుంది. ఇవాళ ఆగలేదు. దగ్గు వినపడింది, ముసలి దగ్గు. తర్వాత...

"జయా..."

జయకర్ కుర్చీలోంచి లేచాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నన్నే పిలిచింది. రికార్డర్ పట్టుకుని ఎదురుగా కూర్చున్నాగా నేను. అమ్మ నన్ను పిలిచింది."

రేచల్ తల అడ్డంగా ఊపింది. ఆయన చూడలేదు. అప్పటికే మీట నల్ల డబ్బాకు తిప్పాడు, పాటను చివరికి జరిపాడు, నొక్కాడు. ఆమె ఒక్క అంగలో వెళ్ళి డబ్బా ప్లగ్గు పట్టుకుంది. జయకర్ ఆమె మణికట్టు పట్టి వెనక్కి విసిరాడు. రేచల్ గోడకు తగిలి కూలబడింది.

"పిచ్చెక్కిందా? ఆ షాపతని డబ్బాలవి. మా అమ్మ నన్ను పిలుస్తుంటే కూడా ఓర్చుకోలేవా నువ్వు?"

దగ్గు. ఊపిరి. ఈసారి చెవి దగ్గర నోరు పెట్టి అన్నంత దగ్గరగా...

"జయా... నాన్నా..."

జయకర్ ఏడుస్తున్నాడు. ఏడుస్తూ నవ్వుతున్నాడు. కొడుకు కదా, ఎవరు కాదంటారు. ఇంకా నయం, పలకలేదు. పెదాలు కదిలాయి గానీ పలకలేదు. చిన్నప్పటి నుంచీ ఆ ఇంటి చట్టంలో పెరిగినవాడు, రెండో పిలుపుకు నోరు దానంతటదే మూసుకుంది. మూడో పిలుపుకు మాత్రం పలికి తీరతాడు. రేచల్‌కు అది తెలుసు.

రాద్దామంటే బల్ల మీద కాగితం, పెన్నూ ఆయన చేతి కింద ఉన్నాయి. మొగుడంటే ఆమెకు ఏనాడూ పెద్ద ప్రేమ లేదు. ఇవాళ అసలు లేదు. అయినా ఆ నూనె వాసన మధ్య, ఆ ముసలి ఊపిరి దగ్గర ఎవర్నయినా వదిలేసి పోగలదా? ఒకసారి వదిలేసింది. దాని ఫలితమే ఇప్పుడు అనుభవిస్తోంది. గోడ పట్టుకుని లేచింది. ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది. చొక్కా పట్టుకుని ఊపింది, ఆయన తన వంక చూసేదాకా.

జయకర్ కళ్ళు తుడుచుకున్నాడు. తల్లి పిలిచాక కోపం కాస్త దిగినట్టుంది. "సరే, అలగమాక. నువ్వే తేల్చు. వెండిదా, నల్లదా? మొదటిదా, రెండోదా?"

రేచల్ చెయ్యి పైకెత్తింది. రెండు వేళ్ళు చూపించింది. రెండయ్యాయి. రెండు పిలుపులు అయిపోయాయి. ఇక వద్దు. ఆయన ముఖం ముందు పెట్టి ఆడించింది ఆ వేళ్ళను. రెండు. రెండు. రెండు.

జయకర్ నవ్వాడు. ఈ పదకొండేళ్ళలో భార్య మాట ఆయనకు నచ్చిన మొదటి సందర్భం అదేనేమో.

"రెండోదేనా? నాకూ అదే అనిపించింది" అన్నాడు. "అయితే వెండిది రేపు పంపేద్దాం. మన డబ్బాలో ఇంకొక్కసారి మొదట్నుంచీ వినేసి లేద్దాం."

వేలు ఫోన్ మీద పడింది.

"ఎండిన బావికి..." మొదటి చరణం నుంచే ఇద్దరూ కలిసి పాడుతున్నారు ఈసారి. వాళ్ళ వెనక కొంచెం ఎడంగా ఎవరో మగమనిషి, పాట అందుకోబోయే ముందు, రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.